తయారై పుట్టిన చేతులు

కైలాసం వాకిలి నడుమ స్టూలుమీద కూర్చుని ఎడమ బూటు లేసు విప్పుతున్నాడు. పాలకోసం వచ్చిన వాళ్ళు గిన్నెలు పొట్టకు ఆనించుకుని అటే చూస్తున్నారు. లేసు ముడి మంచు తడికి బిగుసుకుపోయింది. ముసలి వేళ్ళు దానితో తంటాలు పడుతున్నాయి. కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డ మొగులయ్యకు ఆ ముడి ఎంతకీ ఊడకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. కానీ మాట అప్పటికే నోరు దాటింది.

"మా పిల్లకొచ్చింది మీ ఇంటి తోలే బావా. కాదంటవా? గీ నలుగురి ముంగట కాళ్ళు చూపియ్యి" అన్నది తనే.

కైలాసం అతని వియ్యంకుడు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మలక్‌పేటలో ఉంటాడు. కూతురు పూజితను మొగులయ్య కొడుకు అంజన్‌కు ఇచ్చాడు. వాళ్ళ బిడ్డ కీర్తిప్రియకు ఇప్పుడు నాలుగేళ్ళు. పుట్టిన ఏడాదిలోపే ఆ పిల్ల అరచేతులు, అరికాళ్ళు పసుపుపచ్చగా మందమెక్కాయి. చలికాలం వస్తే పగిలి నెత్తురు కారతాయి. గౌలిపురలో తరాలుగా పాలమ్మే ఇంట్లో ఇట్లాంటి పిల్ల ఎట్లా పుట్టిందని అడిగినవాళ్ళందరికీ మొగులయ్య ఒకటే జవాబు చెప్పాడు, కోడలు తెచ్చిందని. అప్పటినుంచి పూజిత పాలు వడగట్టదు, బకెట్లు ముట్టదు. పిల్లను ఇంటి గడప దాటి కొట్టం వైపు రానివ్వరు.

ఇవాళ కైలాసం వచ్చింది కాళ్ళు చూపించడానికి కాదు. డాక్టర్ స్వరూపను వెంటబెట్టుకుని వచ్చాడు. తోలుకు సంబంధించిన జన్యువులు మనిషి ఒంట్లో ఎక్కడెక్కడ ఉన్నాయో కనిపెట్టే పని ఆమెది. కీర్తి నెత్తురు ఇదివరకే తీసుకుంది. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళది కావాలంది.

"గిట్ల వద్దు పెద్దయ్యా, ఇదేం పంచాయతీ కాదు. ఒక్కొక్కరిని లోపల చూస్త" అన్నదామె.

"లోపల చూస్తె బయటోళ్ళకు ఎట్ల తెలుస్తది?" అన్నాడు మొగులయ్య.

ముడి ఊడింది. బూటు, ఆ తర్వాత మేజోడు. కైలాసం పాదం ఎత్తి, చంటిపిల్లవాడు చూపించినట్టు చూపించాడు. తెల్లగా, మెత్తగా, వేళ్ళ దగ్గర మేజోడు అంచు పడ్డ గుర్తుతో ఉంది.

"మల్లెపువ్వు లెక్కున్నయ్ గదనే!" అన్నాడు చాయ్ హోటల్ సీతారాం. ఎవరో కిసుక్కుమన్నారు.

గుమ్మంలో నిలబడ్డ పూజిత కూతురి మొహాన్ని తన కడుపుకేసి తిప్పుకుంది.

"కాళ్ళు మంచిగనే ఉన్నయ్. లోపలేమున్నదో ఎవలకెరుక" అన్నాడు మొగులయ్య. అది న్యాయమైన మాట కాదని అంటున్నప్పుడే అతనికి తెలుసు. అందుకే గొంతు ఇంకా పెంచి, రెండు చేతులూ డాక్టరమ్మ ముందు చాపాడు. "గివి చూడు. బర్రెలు పిండి పిండి గిట్లయిన చేతులు. పొయ్యిమీది గిన్నె బట్ట లేకుంట దించుత. మా బాపువి గిట్లనే, మా అంజన్‌గానివి గిట్లనే. పని చేసెటోని తోలు గిట్లుంటది. కుర్చీల కూసుంటె కాదు."

వాకిట్లో తలలు ఊగాయి. ఆ చేతులకు గౌలిపురలో మర్యాద ఉంది. కుస్తీ పహిల్వాన్లు కూడా మొగులయ్య చేయి కలిపి, అబ్బా అని నవ్వేవాళ్ళు.

స్వరూప అతని చేయి పట్టుకుని తిప్పింది. అరచేతి నడుమ చూడలేదు. మణికట్టు దగ్గర, మందపు తోలు ఆగిపోయే చోట సన్నని ఎర్రటి అంచు ఉంది. దానివెంట బొటనవేలితో మెల్లగా తడిమింది. కీర్తి చేతిని పట్టుకున్నప్పుడూ ఆమె అట్లాగే తడమడం మొగులయ్య చూశాడు.

"పెద్దయ్యా, బూట్లు జర ఇప్పుతరా?"

మొగులయ్య మోకాళ్ళదాకా ఉండే నల్ల రబ్బరు బూట్లలో ఉన్నాడు. కొట్టంలోకి అవి లేకుండా పోడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతలో కొట్టం లోపల ఈనడానికి వచ్చిన బర్రె అరిచింది. "నీళ్ళసంచి పడ్డది! రా జల్ది!" అని అతని భార్య ఆండాలు కేక వేసింది. మొగులయ్య వెనుదిరిగి దాదాపు ఉరికాడు. కైలాసం మేజోడు వేసుకోవడానికి వంగడం కంటికొసలో కనిపించింది.

బర్రె పక్కకు ఒరిగి పడుకుని ఉంది. దూడ ముందుకాళ్ళ గిట్టలు కనిపిస్తున్నాయి, మూతి కనిపించడం లేదు. మొగులయ్య చేతికి నూనె రాసుకుని, గిట్టల పైనుంచి తడిమాడు. మూతి కాళ్ళమీదే ఉంది, ఫికర్ లేదు. బర్రె ముక్కినప్పుడు లాగాడు, ఆగినప్పుడు ఆగాడు. ఎన్నో కాన్పులు చేసిన చేతులు, తొందరపడలేదు. తలకాయ జారింది, భుజాలు జారాయి, చివరికి దూడ మొత్తం ఆవిర్లు కక్కుతూ గడ్డిమీద పడింది. ముక్కులోని జిగురు గడ్డితో తుడిచి, చెవిలో ఊదాడు. దూడ తుమ్మింది.

"పెయ్యదూడ" అన్నది ఆండాలు తోక ఎత్తి చూసి. "లచ్చిమి వచ్చింది" అని దండం పెట్టింది.

తల్లి తోక తిప్పుకుంటూ లేచి దూడను నాకసాగింది. మాయ పడేదాకా చూసి, బూట్లలో చేరిన నీళ్ళు ఒంపేద్దామని మొగులయ్య నల్లా దగ్గర బండమీద కూర్చుని వాటిని లాగేశాడు. కాళ్ళు కడుక్కున్నాడు. తలెత్తేసరికి ఎదురుగా తవుడు బస్తామీద స్వరూప కూర్చుని ఉంది. వాకిట్లో జనం పోయారు. ఆమె అతని పాదాలను చూస్తోంది. అరికాలు మొత్తం మైనం పోసినట్టు పచ్చగా, మడమ అంచుదాకా మందంగా ఉంది. మడమలో లోతైన పగుళ్ళు ఉన్నాయి.

"పాలు చేతులతోని పిండుతరు" అన్నదామె నెమ్మదిగా. "కాళ్ళతోని ఎవ్వరు పిండరు గద పెద్దయ్యా."

"పేడనీళ్ళల్ల నిలవడ్తం గదమ్మా."

"ఆండాలమ్మ గూడ నిలవడ్తది."

ఆండాలు కుడితి బకెట్ పట్టుకుని వాకిలి దాటుతోంది. ఆమె ఎప్పుడూ చెప్పులు వేసుకోదు. పేడ చిందిన ఆ పాదాలు సన్నగా, నరాలు తేలి, అందరి పాదాల్లాగే ఉన్నాయి. పెళ్ళయి వచ్చిన మర్నాటి నుంచీ ఆమె ఇదే కొట్టంలో ఉంది. అతనితో సమానంగా పాలు పిండింది. ఆమె పాదాలను మొగులయ్య ఇప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు.

"ఆమె చేతికి కాయలున్నయ్, పిండే చోట" అన్నది స్వరూప. "మీకు అరచెయ్యి మొత్తం ఒకటే మందం. అది పనితోని వచ్చింది కాదు. పుట్టుకతోని వచ్చింది."

మొగులయ్య కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "ఏందమ్మా గిది?" అన్నాడు.

"మీరు పాలు ఎక్కడిదాక పోస్తరు?"

"హుస్సేనీ ఆలం దాక."

"గల్లీ చెప్తె ఇల్లు దొరుకుతది గద. ఒంట్ల గూడ గట్ల గల్లీలున్నయ్ అనుకోండ్రి. ఇరవై మూడు జతలు. వాటినే క్రోమోజోములంటం. జన్యువులు వాటిల ఇండ్లు. తోలు పని చేసే ఇండ్లు ఒక్క తాన లేవు, ఊరంత చెదిరి ఉన్నయ్. పన్నెండో గల్లీల కొన్ని, పదిహేడో గల్లీల కొన్ని గుంపుగ ఉన్నయ్. ఏ ఇల్లు ఎక్కడున్నదో, అండ్ల ఏం పని జరుగుతదో తెలుసుకునుడే మా పని. కీర్తి నెత్తురుల పదిహేడో గల్లీల ఒక ఇంట్ల తేడా కనవడ్డది. అరచేతికి, అరికాలికి గట్టితనం ఇచ్చే ఇల్లు అది. వేరే తోలుతోని దానికి పని లేదు."

"మరి మా నెత్తురెందుకు?"

"గా ఇల్లే అని గట్టిగ చెప్పాలంటె, మీ ఇంట్ల మందం తోలున్నోళ్ళకు గా తేడా ఉండాలె. లేనోళ్ళకు ఉండొద్దు. అప్పుడే మా లెక్క కుదురుతది."

మొగులయ్య గొంతు తగ్గించాడు. "అంటుతదా?"

"అంటదు. పాలకంటదు, మనిషికంటదు."

"కైలాసంకు చెప్తవా?"

"ఎవరి సంగతి వాళ్ళకే చెప్తం పెద్దయ్యా. మీ కాళ్ళ సంగతి మీకు చెప్పిన. మీరు చెప్పమంటె తప్ప ఇంకొకరికి చెప్ప."

అతను చొక్కా చేయి పైకి మడిచి చాపాడు. మోచేతి వంకలో తోలు అందరి తోలులాగే మెత్తగా ఉంది. సూది ఇట్టే దిగింది. ఎవరికీ తెలియదన్న మాట వినగానే గుండె తేలికపడిందని అతను గమనించాడు. గమనించి, తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు.

సాయంత్రం అంజన్ హుస్సేనీ ఆలం నుంచి పాలక్యాన్లు ఖాళీ చేసుకుని వచ్చాడు. బండి స్టాండు వేసి, దించకుండా నిలబడ్డాడు.

"బాపు, పూజిత పోతనంటుంది. మైసమ్మకు పాలు పోసే నాడు మామ ఆటో తీస్కొని వస్తడట. మా నాయన బూట్లు ఇప్పించిన ఇంట్ల ఉండ అంటుంది."

"ఎన్ని దినాలకు?"

"దినాలు కాదు బాపు." అంజన్ క్యాను తాడు విప్పబోయి వదిలేశాడు. "నేనేం చెప్పాలె ఆమెకు? ఆగుమని ఏ మొహం పెట్టుకొని చెప్పాలె?"

లోపల్నుంచి కీర్తి ఏడుపు వినిపించింది. పూజిత పగుళ్ళకు వెన్న రాస్తున్నట్టుంది. ఆ ఏడుపు వినిపించినప్పుడల్లా మొగులయ్య, "నాటకాలు చెయ్యకు! నా చేతులు చూడు, నేను ఏడుస్తున్ననా?" అని కేకవేసేవాడు. ఇవాళ కేకవేయలేదు. వేయకపోవడం ఇంట్లో అందరికీ వినిపించింది.

ఆండాలు గుడ్డ కట్టిన గిన్నెలోకి జున్నుపాలు వంచుతోంది. మొగులయ్య పీట లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"అంజన్‌గానికి చేతులు ఎప్పట్నుంచి గిట్లయినయ్?"

ఆండాలు చేయి ఆగలేదు. పాలు సన్నగా పడుతూనే ఉన్నాయి. "యాది లేదా నీకు?"

"లేదు."

"ఏడాది పిల్లగాడు. అరచేతులు చెక్క లెక్కయినయ్. నేను భయపడి ఏడుస్తుంటె మీ అమ్మ నవ్వింది. పాలోని ఇంట్ల మొగపిల్లగాడు, చేతులు తయారై పుట్టిండన్నది. గల్లీ అంత జున్ను పంచింది. నువ్వే తిప్పినవ్ గిన్నె, ఇల్లిల్లు."

మొగులయ్యకు గుర్తొచ్చింది. నెత్తిన గిన్నె. ఆ చల్లదనం. సీతారాం తండ్రి వేలితో జున్ను నాకి, వీడు నీకంటె మస్తు పిండుతడు అనడం.

"మరి కీర్తికి గట్లనే అయితె నువ్వెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా?" ఆండాలు గిన్నె కింద పెట్టింది. "చెప్తె ఎవల మీద వడ్తది? నా కొడుకు మీద. నీ మీద. పరాయి ఇంటి పిల్ల మీద వడ్తుంటె నోరు మూసుకున్న. పాపం తాకుతదని తెలుసు. అయినా మూసుకున్న."

ఇంకేమీ అనలేదు. గుడ్డలో మిగిలిన నురగను పిండి, ఆరవేయడానికి లేచి వెళ్ళింది.

మొగులయ్య స్నానం చేసి దేవుడి అర ముందు నిలబడ్డాడు. రోజూ పెట్టే దీపమే, రోజూ చదివే దండకమే. ఇవాళ నడుమ మాట మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాడు. దీపం వెలుగులో జోడించిన తన చేతులు పచ్చగా, నున్నగా కనిపించాయి. మైసమ్మ తల్లీ, నువ్వు ఇచ్చేటప్పుడు మగపిల్లవాడని, ఆడపిల్లని చూసి ఇచ్చావా అనుకున్నాడు. ఒకటే ఇచ్చి ఉంటావు. ఒకరికి జున్ను పంచి, ఒకరికి గడప మూసింది మేము. మరి నాలుగేళ్ళు నువ్వూ చూస్తూ ఊరుకున్నావు గదా? ఆ ప్రశ్న అడిగినందుకు లెంపలు వేసుకున్నాడు. అయినా ప్రశ్న పోలేదు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బర్రె ఈనిన ఐదో నాడు పాలు బెల్లంతో కాచి, రాగిచెంబులో వాకిలి మూలనున్న మైసమ్మకు పోయాలి. పోసే చేయి ఇంట్లో అందరికంటే చిన్నది కావాలి. ఆ తర్వాతే ఆ బర్రె పాలు అమ్మకానికి వెళతాయి. కీర్తి చేతులు మందమెక్కినప్పటినుంచి సీతారాం మనవరాలిని పిలిపించి పోయిస్తున్నారు. అప్పుడు కీర్తిని లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరకు వేస్తారు. తలుపు సందులోంచి ఆ పిల్ల చూసే సంగతి అందరికీ తెలుసు.

ఆ నాడు కూడా రాయికి పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపమండ నిలబెట్టారు. గిన్నెలతో వాడకట్టువాళ్ళు వచ్చారు. సీతారాం మనవరాలు కొత్త గాగ్రాలో ముందే వచ్చి నిలబడింది. గేటు బయట ఆటో ఆగింది. కైలాసం దిగాడు. లోపలికి రాలేదు. ఈసారి బూట్లు వేసుకోలేదు. మళ్ళీ ఎవరైనా విప్పమంటే తొందరగా విప్పొచ్చని కాబోలు, చలిలో ఉత్త చెప్పులతో వచ్చాడు.

మొగులయ్య ఆ చెప్పులు చూశాడు.

అతను కొట్టం ముందున్న స్టూలు ఎత్తి తెచ్చి వాకిలి నడుమ వేశాడు. మొన్న కైలాసం కూర్చున్న స్టూలే. దానిమీద కూర్చుని కుడి బూటు మడమ పట్టి లాగాడు. తడికి అతుక్కుని రాలేదు. మళ్ళీ లాగాడు. అందరూ చూస్తున్నారు. బూటు చప్పుడు చేస్తూ ఊడి చేతికొచ్చింది. రెండోదీ ఊడింది.

"బావా, లోపలికి రా" అన్నాడు. "ఒక్కసారి గిటు చూడు."

కైలాసం కదల్లేదు. మొగులయ్య రెండు పాదాలూ ఎత్తి వాకిలికేసి చాపాడు.

"ఏందన్నా గిది?" అన్నాడు సీతారాం.

"కీర్తికున్నదే. చేతులు చూపిచ్చి పని అన్న. కాళ్ళతోని ఏం పని చేసిన సీతారాం? మా బాపుకుండె. నాకున్నది. నా నుంచి అంజన్‌కు, అంజన్ నుంచి పిల్లకు. పూజిత తేలే. ఆమె నాయన కాళ్ళు మీరంత చూసిండ్రు గద, ఆమె తేలే." పాదాలు కిందికి దించలేదు. "నేను నాలుగేండ్లు అబద్ధం చెప్పిన. తెలిసినంక గూడ నాల్గు దినాలు మూసి పెట్టుకున్న."

గోడ దగ్గర నిలబడ్డ అంజన్ తన చెప్పులు విడిచి, తండ్రి పక్కన వట్టికాళ్ళతో వచ్చి నిలబడ్డాడు.

ఎవరూ నవ్వలేదు. ఒకామె గిన్నెమీద కొంగు కప్పుకుని, అటూ ఇటూ చూసి గేటు దాటి వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇంకొకామె కూడా పోయింది. మొగులయ్య వాళ్ళను పిలవలేదు. ఆండాలు, "అంటదని డాక్టరమ్మ చెప్తుంటె నేను విన్న" అని ఎవరి వైపూ చూడకుండా అన్నది.

కైలాసం లోపలికి వచ్చాడు. వియ్యంకుడి పాదాలను చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నట్టు మైసమ్మ రాయి వైపు మొహం తిప్పుకున్నాడు. ఒంగి, పడిపోయిన బూటును నిలబెట్టాడు.

"ఏసుకో బావా. చలి ఉన్నది" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. మొగులయ్య తల వాల్చుకున్నాడు. బూటు వేసుకోబోతే వేళ్ళకు పట్టు దొరకలేదు.

పూజిత భుజాన సంచితో గుమ్మంలోకి వచ్చింది. మామ వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. కీర్తి తల్లి చేయి విడిపించుకుంది. కొట్టం ముందుదాకా ఎప్పుడూ రానివ్వని ఆ పిల్ల గడపమీద ఒకసారి ఆగి, ఎవరూ అరవకపోయేసరికి వాకిట్లోకి నడిచి వచ్చింది. తాత పాదాల ముందు గొంతుక్కూర్చుంది. మడమలో అన్నిటికంటే లోతైన పగులును ఒక వేలితో, తనకు వెన్న రాసేటప్పుడు తల్లి ముట్టుకునేంత మెల్లగా ముట్టుకుంది.

"తాతా, నీకు గూడ నొప్పైతదా?"

మొగులయ్య నోరు తెరిచాడు. ఇన్నేళ్ళూ ఎవరికీ, ఆండాలుకు కూడా చెప్పని మాట అది.

"అయితది బిడ్డా" అన్నాడు. "మస్తు అయితది."

ఆండాలు రాగిచెంబు తీసుకుని పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. సీతారాం మనవరాలు అలవాటుగా రెండు చేతులూ చాపింది. సీతారాం ఆ చేతులను నెమ్మదిగా కిందికి దించి, పిల్లను తన వైపు లాక్కున్నాడు. ఆండాలు చెంబుతో వాకిలి నడుమ ఆగిపోయింది. కీర్తిని చూసింది. ఆ తర్వాత కోడలిని చూసింది. అడిగే హక్కు తనకు లేదన్నట్టు నిలబడింది.

బయట ఆటో అతను హారన్ కొట్టాడు.

"పాలు వేడిగున్నయా అత్తమ్మా?" అన్నది పూజిత.

"ఇప్పుడే దించిన."

పూజిత సంచి దించలేదు. దాన్ని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"పగిలిన చేతులకు మండుతది" అన్నది. "జర చల్లారనియ్యి."

కైలాసం గేటు దాకా వెళ్ళి, ఆటో అతనికి ఆగమని చేయి చూపాడు. చెంబు మైసమ్మ ముందు పెట్టారు. దానిమీద ఆవిరి సన్నగా లేస్తోంది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఎవరి మొహం ఎవరూ చూడకుండా దాన్నే చూస్తూ నిలబడ్డారు.